వర్తించనిది కొట్టివేయుము

జూన్ రెండో వారం. అనంతపురంలో
మబ్బుండాది, వాన లేదు.
ఒకే పొద్దున నా ఫోన్‌కు రెండు మెసేజీలు.
ఒకటి రైతు కేంద్రం నుంచి:
కె-6 విత్తనం వచ్చింది, పాసుబుక్కు తీసుకొని రండి.
ఇంకోటి డాక్టర్ షాహీన్ మేడమ్ నుంచి:
విత్తన నిధికి గడువు ఈ రాత్రే, పద్దులు సరిచూడండి.

నేను అకౌంట్స్ గుమాస్తాను.
సగం జీతం గార్లదిన్నె చేనులో పోసేవాణ్ణి.
విత్తనమంటే నాకు తెలిసింది ఒకటే,
పస్తున్నా విప్పగూడని మూట.

ఈ విత్తనం వేరే రకం.
పన్నెండు లక్షలు, ఒక సంవత్సరం.
మొలుస్తుందని ఎవరూ పూచీ అడగరు,
మొలవొచ్చని నమ్మిస్తే చాలు.
తాడిపత్రి బండల మిల్లుల్లో
రాతిపిండి పీల్చి పీల్చి
బండబారిన ఊపిరితిత్తులకు ఒక మందు.
ఎలుకల్లో పనిచేసింది.
ఎలుకకూ మనిషికీ నడుమ
ఫారంలో మూడు గడులు:
జంతువు. సంఖ్య. ఎందుకు తప్పదు.

కోతి. నాలుగు.
మూడో గడి దగ్గర మేడమ్
మూడు దినాలుగా ఆగిపోయింది.

మా ఊర్లో అయితే ఆ గడి ఒక్క తిట్టుతో నిండిపోతుంది.
కాయ ఊరే పొద్దుకు గుంపుగా దిగి
సాళ్లకు సాళ్లు పీకేసే జాతి.
మా నాయన టపాసులు కాల్చి తరిమేవాడు,
శనివారమొస్తే అదే జాతికి
కొబ్బరిచిప్ప పెట్టి మొక్కేవాడు.
రెండూ నిజంగానే చేసేవాడు.

కమిటీలో ఒకాయన అడిగినాడంట, రెండు చాలవా అని.
రెండైతే బాధ సగమవుతుంది సార్,
నిజం మాత్రం సగం కాదు, సున్నా అవుతుంది,
అనిందంట మేడమ్.
బయటికొచ్చి మెట్లమీద కూర్చొని
నీళ్లసీసా మూత తీసింది, మళ్లీ పెట్టింది.
తాగలేదు.

జంతుశాల చూసుకునే ఓబుళపతి
పదకొండేళ్లు బండలు కోసినోడు.
రెండు మెట్లెక్కి మూడో మెట్టు దగ్గర
గోడకేదో చెప్తున్నట్టు నిలబడిపోతాడు.
బోను మీద బి-17 అని రాసుంటుంది.
సుంకులూ అని పిలుస్తాడు.
పేరు పెట్టొద్దన్నారు. పెట్టినాడు.

"మాకు దుమ్ము పట్టించినప్పుడు
ఎంతమంది చాలు అని ఎవరడిగినారప్పా?"
అన్నాడొకసారి. గొంతులో కోపం లేదు.
గాలీ లేదు.
కొంచెం సేపాగి,
"మందు వచ్చేతలికి నేనుండను గానీ,
దానికి సూది వేసేటప్పుడు
నన్ను పక్కన ఉండనీమని చెప్పు."

ఆ మాట ఏ గడిలో రాయాలో తెలీక
పద్దులు టైపు చేసుకుంటా పోయినా.
మందు తయారీ ఏడు లక్షలు.
స్కానింగు రెండున్నర.
పశువైద్యుడు, మత్తు, లక్షా ఎనభై వేలు.
మేత డెబ్బై వేలు, అందులోనే
నెలకు ఆరు కిలోల శెనక్కాయలు.
చివరి వరస:
అధ్యయనం ముగిశాక జంతువుకు
పునరావాసం / మరణం
(వర్తించనిది కొట్టివేయుము).

సాయంత్రం విత్తనం మూట స్కూటర్ మీద వేసుకొని
సంతకాల కోసం మళ్లీ వచ్చినా.
బయట పెడితే ఎవరన్నా ఎత్తుకుపోతారని భుజానేసుకుంటే
మూలన చిరుగు, బోను ముందర
గుప్పెడు గింజలు జారినాయి.
సుంకులు కమ్మీల్లోంచి చెయ్యి చాపింది.
మూడో మెట్టు ఎక్కలేని మనిషి
ఒక్క దూకు దూకి
గింజల్ని కాలికింద తొక్కిపెట్టినాడు.
మందు పట్టించినవప్పా ఇవి, విషం,
అన్నాడు, ఎగరొస్తా.

చెయ్యి అట్లే ఉండాది.
దగ్గు తగ్గినాక ఓబుళపతి
జేబులోంచి మూడు కాయలు తీసి అందులో పెట్టినాడు.
అవి నా పద్దుల్లో లేవు.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా
ఫారం పంపినాం.
చివరి వరసలో
రెండు మాటలూ అట్లే పోయినాయి.