మైనపు గుల్ల

టేకాకు పొట్లం కౌంటరు మీద పెట్టి
విప్పి చూడమంది జాడి బుచ్చక్క.
అంకీసలో ఇంకా చాయ్ బండి కూడా తెరవలేదు.
పొట్లంలో, కడిగి ఆరబెట్టిన ఒక మాత్ర.
నేనమ్మిందే,
పదహారు రోజుల కిందట.

"మింగింది మింగినట్టే బయటికొచ్చింది బిడ్డా.
నకిలీది అంటగట్టినవ్.
నా పైసలు నాకియ్యి."

మా కొట్టు మీద బోర్డు మరాఠీ,
లోపల బేరం తెలుగు,
చీటీ మీద డాక్టరు రాత ఏ భాషా కాదు.
దాన్ని నేనే విడమరిచి చెప్పాను ఆ రోజు:
కాళ్ళ వాపు దిగడానికొక బిళ్ళ,
ఆ బిళ్ళ నీళ్ళతో పాటు ఊడ్చుకుపోయే పొటాషియానికి
బదులుగా ఇంకో బిళ్ళ.
"పొటాషా? మిర్చి తోటకు చల్లుతమే, అదా?"
అదే తల్లీ, తోటకు బస్తా, నీకు చిటికెడు.
బస్తాలోది మాత్రం నోట్లో వేసుకోకు.

బ్లేడు తీసి గుల్లను రెండు చేశాను.
ఆమె కళ్ళద్దాలు లేని కళ్ళతో
దగ్గరికి, ఇంకా దగ్గరికి వంగి చూసింది.
అన్నీ కన్నాలే.
"ఓసి దీని... పిండిన తేనెపట్టు!"

ముప్పై ఏళ్ళు మొగుడు చెట్లెక్కుతుంటే
కింద పొగ పట్టిన మనిషి.
నేను వెతుకుతున్న మాట
ఆమె నోట్లోంచే ఊడిపడింది.

అవును, పట్టే. తేనె నీలో ఉంది.
ఒక్కసారే దిగితే పేగు పుండవుతుందని
ఉప్పును మైనంలో కూరి పంపారు.
నీ కడుపులో నీళ్ళే ఆ సందుల్లో దూరి
కాస్త కాస్తగా కరిగించి తెచ్చాయి,
నువ్వు తునికాకు కట్టలు కట్టేటప్పుడు,
కోడలి మీద గొణిగేటప్పుడు,
గోడకు ఒరిగి కునుకు తీసేటప్పుడు.
పొద్దంతా కూలీ చేసింది ఈ బిళ్ళ.
పేగు తాగింది, నెత్తురు మోసింది,
మోసిందే గానీ తన దగ్గర దాచుకోలేదు.
నెత్తురులో మనకు దొరికేది
వాకిట్లో రాలిన నాలుగు గింజలు,
అసలు ధాన్యమంతా కండల గదుల్లో.

"ఇంక ఎక్కువైంది?"
మూత్రపిండాలు చూసుకుంటాయి.
"అంటే నా పైసలు కొన్ని ఉచ్చల పోయినయన్నట్టు."
పోయాయి.
"పోకుంటె?"

చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను:
పోకపోతే గుండె తడబడుతుంది,
ఆగినా ఆగుతుంది.

బుచ్చక్క కాసేపు ఏమీ అనలేదు.
ప్రాణహిత ఉన్న వైపు గడ్డం ఎత్తింది.
"పోవాలె మరి.
గేట్లు మూసిన యేడు
నీళ్ళు ఎటూ పోకనే కద
మా తోట నిలబడి మురిగింది."

కొంగు ముడిలోంచి అహేరి కాగితం తీసింది.
అప్పుడు రెండు పాయింట్ తొమ్మిది,
ఇప్పుడు మూడు పాయింట్ ఏడు.
పిక్కలు పట్టేస్తున్నాయా రాత్రుళ్ళు?
"లే," అంది,
బాకీ ఒప్పుకున్నంత చిన్నగా.

ఇంకో అట్ట ఇచ్చాను.
నమలొద్దు, విరవొద్దు, ఆపమనేది డాక్టరే.
రెండు రూపాయలు తగ్గించమంది.
తగ్గించాను.
గుల్ల ముక్కలు రెండూ మళ్ళీ ఆకులో చుడుతుంటే
పారేయ్ అక్కా అన్నాను.
"ఎందుకు పారేస్త?
మా ముసలోడు నమ్మడు. సూపెట్టాలె."

ఆమె వెళ్ళాక చూస్తే బ్లేడుకు
కాస్త మైనం అంటుకుని ఉంది.
వేళ్ళ మధ్య నలిపాను.
కుళాయి కింద పట్టాను.
నీళ్ళు జారిపోయాయి గానీ
అది కరగలేదు.
అట్లాగే వేళ్ళకు ఉండగానే
రెండో గిరాకీ వచ్చి
దగ్గు మందు అడిగింది.