కుడి చెవి వాటా

విల్యాందిలో ఫిబ్రవరి. సరస్సు ఎంత గట్టిపడిందంటే
దాని నడినెత్తిన ఎవరో సైకిలు తొక్కుతున్నారు.
"కొత్త తీగ వేశాను. పాట రావడం లేదు,
ఇసుక వేయించినట్టు ఒకటే చిటపట"
అన్నాడు హెల్దుర్ ఫోన్లో.
పనిసంచీ భుజాన వేసుకుని మూడంతస్తులెక్కాను.

తీగ తప్పేం లేదు.
కొస ఊడదీసి అరచేతికి చూపిస్తే
దానిమ్మ గింజంత ఎర్రటి వెలుగు.
"పాట ఇందులోంచే పోతుందా?" మైమ్ అడిగింది,
అల్లిక సూదులు ఆపకుండా.
పోతుందమ్మా. వెలుగై పోయి
అవతలి గట్టున మళ్లీ మోతవుతుంది.

తొంభై ఆరులో హెల్సింకి నుంచి
ఓడలో మోసుకొచ్చిన యాంప్లిఫయరు వాళ్లది.
ప్లేయరేమో నిన్నగాక మొన్నటిది,
మూట విప్పకుండా విసిరేస్తోంది.
పాపం, ముసలిది ముడి విప్పలేక అరుస్తోంది.

సెటప్. ఆడియో. డిజిటల్ అవుట్‌పుట్.
బిట్‌స్ట్రీమ్ తీసేసి పీసీఎం పెట్టాను:
ఇకమీద నువ్వే విప్పు, మడతలు తీసి, లెక్కపెట్టి అందించు.
డౌన్‌శాంప్లింగ్ ఆన్:
తొంభై ఆరు వేలు మింగలేని గొంతుకి
నలభై ఎనిమిది వేలు చాలు.

చిటపట ఆగింది.
చర్చిలో కుర్చీలు జరిగిన చప్పుడు,
ఆడగొంతులు,
పద్దెనిమిదేళ్ల కిందటి ఊపిరి.

హెల్దుర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు, ఎడమ వైపుకి ఒరిగి.
పాటంటే చెవి కోసుకునే మనిషి.
కోసుకోవడానికి ఉన్నది ఒక్కటే.
రంపం మిల్లులో ముప్పయ్యేళ్లు
యంత్రం కుడి పక్కనే ఉండేది.
మైమ్ ఏమన్నా ఈ చెవిన విని
ఆ చెవిన వదిలేసే వీల్లేక
అన్నీ లోపలే దాచుకుంటాడు.

అప్పుడు తట్టింది నాకు.
ఈ డిస్కులో ఆడవాళ్లు ఎడమన, మగవాళ్లు కుడిన.
తను నిలబడి పాడిన వైపు
తనకెన్నడూ వినబడలేదు.

మెనూలో ఇంకాస్త కిందికి వెళ్లాను.
స్టీరియో. ఎడమ. కుడి. మిక్స్ మోనో.
నొక్కాను.

మగగొంతులు నేలమాళిగలోంచి ఎక్కి వచ్చినట్టున్నాయి.
హెల్దుర్ కనుబొమలు లేచాయి,
పెదవులు తన వరసను వెతుక్కుని అందుకున్నాయి.
మూడో పాటలో, అందరూ ఆగే చోట,
ఆయన కూడా ఆగాడు.
వెనక్కి తిప్పాడు. విన్నాడు.
మళ్లీ వెనక్కి.

సూదులు ఆగాయి.
"ఆ దగ్గేనా?" అంది మైమ్.

ఆ దగ్గు ఎందెల్‌దని ఊరంతా చెప్పిన మనిషి.
వాడి వల్ల రికార్డింగ్ తగలబడిందని
ఎందెల్ పెళ్లికి వెళ్లని మనిషి.
ఎవరి దగ్గు వాళ్లకి తెలియదూ?
చెవి ఒక్కటైనా తెలుస్తుంది.

చాలాసేపటికి నన్నడిగాడు, చాలా మర్యాదగా:
"దీన్ని మళ్లీ పాత పద్ధతిలో పెట్టొచ్చా?"
పెట్టొచ్చు, అన్నాను.
మైమ్ లేచి వచ్చి
రిమోట్ తీసుకుని ఊలు బుట్టలో పడేసింది.
ఆపైన హెడ్‌ఫోన్స్ పిన్ను పీకేసింది.

కూలి డబ్బుతో పాటు
లింగన్‌బెర్రీ జామ్ ఒక సీసా ఇచ్చారు, సగం వాడింది.
రెండో అంతస్తు దాటుతుంటే
పైనుంచి దగ్గు వినిపించింది.
డిస్కుదో, మనిషిదో.