బర్తనోళ్ళు

మక్తల్ల మా ఇల్లు అడుగున్రి,
"బర్తనోళ్ళా? సంత కాడ" అంటరు.
గిన్నెలమ్మినోళ్ళమని వాళ్ళ లెక్క.
మా ఇంట్ల గిన్నెలు నాలుగు,
ఒకదానికి మాటు.

పేరు రేకుపెట్టె మీద వచ్చింది.
తెల్ల అక్షరాలు, సగం పెచ్చులూడి: బార్టన్.
బావులు కొలిచే దొర ఎవరో
చలిజ్వరంతో కృష్ణ ఒడ్డున పోతే
పెట్టె మోసిన మా ముత్తాత జంగిలప్పకు
కూలి కింద పెట్టే మిగిలింది.

కరువు ఏడు అదే నెత్తిన వెట్టుకొని
రాయచూరు దాకా నడక, ఆడికెళ్ళి బొంబాయి రైలు.
ముకద్దం పేరడిగిండు.
ఈయన నోరు తెరిచే లోపల్నే
పెట్టె చదివి రాసుకున్నడు.
హిందీల బర్తన్ అంటే గిన్నెలాయె,
ముత్తవ్వను అంట్లు తోమ పంపిండ్రు.
అట్ల పేరుకు పని దొరికింది.

నిన్న మీసేవల పిల్లగాడు
"ఇంటిపేరు తప్పువడ్డదా?" అన్నడు.
తప్పే. ఏది ఒప్పో ఎవరికెరుక.

సలోమి టీచర్ లావుపాటి డిక్షనరీ తిరగేసి
"బార్టన్ అంటే బార్లీ కల్లం,
మన జొన్నలసొంటి గింజ" అన్నది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పిన.
సల్ల పోసుకుంటున్నదల్లా ఆగింది.
"కల్లమా?
కల్లం పటేలుది.
ఊడ్సుడు మనది.
మన్ను చెరిగితే సోలెడెల్లేవి గింజలు."

కాసేపటికి మల్ల అన్నది:
"ఆ దొర తాత గూడ
ఎవని కల్లమో ఊడ్సినోడే అయ్యుంటడు.
లేకుంటే
ఇంత దూరమెందుకొస్తడు?"

పెట్టెల ఇప్పుడు జొన్నలున్నయి.
పురుగు వట్టకుండ యాపాకు.