మడత మీద జాగా

మా నాన్న అబర్‌డేర్‌లో డాక్టరు.
బొగ్గు గనుల్లోంచి దగ్గుకుంటూ వచ్చేవాళ్ళ
ఊపిరి వినడం ఆయన పని.
నెలకో నీలం ఏరోగ్రామ్ నింపడం
మా అమ్మ పని.

లోపలి జాగా అంతా అమ్మదే.
జిగురు పూసి మూసే చివరి మడత మాత్రం నాది.
మూడు వేళ్ళ వెడల్పు, జానెడు పొడుగు.
"నువ్వు చెప్పాల్సింది అందులో పట్టించు" అనేది.

ఏడేళ్ళ పిల్లకి ఎంతుంటుంది చెప్పడానికి!
మంచు. పిల్లి. ఊడిన పన్ను.
పక్కింటి గ్విన్ తాత దగ్గడం మొదలెడితే
మా గోడ గడియారం కూడా ఆగి విన్నట్టుండటం.
అన్నీ పట్టవు.
ఏది వదిలెయ్యాలో తేల్చుకునేసరికి
ఆదివారం అయిపోయేది, కిటికీ అవతల
వాన మాత్రం అయిపోయేది కాదు.

బొబ్బిలి నుంచి మాణిక్యమ్మత్త జవాబు.
అమ్మకి క్షేమ సమాచారాలు.
నాకు నా వాక్యమే వెనక్కి, ఎర్ర సిరాతో:
"పిళ్ళి కాదే, పిల్లి.
ళ అనాలంటే నాలుక మడవాలి,
పిల్లి అంత కష్టపడదు."
కింద ఇంకో ముక్క:
"పన్ను ఎక్కడ దాచావో రాయలేదు."

అదిగో, అదే నన్ను పాడుచేసింది.
తప్పు దిద్దడం కాదు.
సముద్రాలవతల ఒక మనిషి
పప్పులో పోపు వేస్తూనో, తలుపు గడియ పెడుతూనో
నా పన్ను గురించి ఆలోచిస్తోందని తెలియడం.

బళ్ళో మిసెస్ ప్రిచర్డ్ ఓసారి
సుద్దముక్క చేతికిచ్చి, మీ రాత చూపించమంది.
సువర్చల అని రాశాను.
"ర కింద వేలాడుతున్న ఆ చిన్నది ఎవరు?
ఈ టోపీలేమిటి?"
టోపీ కాదు, తలకట్టు అన్నాను.
ఆవిడ సంచీలోంచి ప్లాస్టిక్ వాన రుమాలు తీసి
గడ్డం కింద ముడేసుకుని
"నాకూ ఉంది" అంది.

వెల్ష్ మాట్లాడినందుకు బళ్ళో
వాళ్ళ నాయనమ్మ మెడలో చెక్కముక్క వేలాడదీశారట.
ఆ సంగతి నాకు చాలా ఏళ్ళకి తెలిసింది.
ఆ వారమంతా నా పేరుని
ఎవర్నీ తుడవనివ్వలేదెందుకో
అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నేను ఇదే ఊళ్ళో కళ్ళు పరీక్షిస్తాను.
రోజంతా అక్షరాలు చూపిస్తాను,
చిన్నవి, ఇంకా చిన్నవి.
ఆఖరి వరస దగ్గర
జనం చూడటం మానేసి ఊహించడం మొదలెడతారు.
కొందరు సిగ్గుపడతారు.
రాసేవాళ్ళం అక్కడే కాపురం ఉంటామని
వాళ్ళకి చెప్పను, అద్దాలు మారుస్తాను.

మధ్యాహ్నం శాండ్‌విచ్ పొట్లం మీద,
అపాయింట్‌మెంటు చీటీల వెనక,
ఒకసారి కొత్త ఫ్రేముల పెట్టె మూత మీద రాసి
పెట్టెని పొరపాటున అమ్మేశాను కూడా.
ఎవరింట్లోనో నా రెండు పంక్తులు
కళ్ళద్దాలకి మూతగా పడున్నాయి.

నవల మొదలెట్టాను, నలభయ్యో ఏట.
పదకొండు పేజీలు నడిచింది.
తర్వాత ఆ తెల్లటి మైదానంలో
అమ్మ జాగాలోకి జొరబడ్డట్టు అనిపించి
చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కొచ్చేశాను.
మూడు వేళ్ళు చాలు నాకు.
అందులోనూ కొంచెం మిగులుతుంది.

అత్త పోయింది. ఏరోగ్రాములూ పోయాయి.
పోస్టాఫీసులో ఆ మాట అంటే
కౌంటర్లో కుర్రాడు
విమానం టిక్కెట్టా అని అడిగాడు.

పోయిన నెల దవడపన్ను పీకించుకున్నాను.
దంతాల డాక్టరు దాన్ని పారెయ్యబోతుంటే
వద్దని, చీటీలో చుట్టించుకున్నాను.
బస్సు దిగి, మొద్దుబారిన దవడతో,
కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చున్నాను.

అత్తా,
మొదటిది గ్విన్ తాత బొగ్గు గూట్లో దాచాను,
నల్లవాటి మధ్య తెల్లది దొరక్కపోదని.
దొరకలేదు.
ఇది మాత్రం కోటు జేబులో ఉంది.
పిల్లి కొత్తది. ఒళ్ళో పడుకుంది.
ల కింద ల ఒత్తే పెట్టాను, చూసుకో.