రైలు పట్టా ముక్క

మా బడి గంట గంట కాదు,
కాజీపేట లోకోషెడ్డోళ్లు పారేసిన పట్టా ముక్క.
ఇరవై తొమ్మిదేండ్ల సంది నేనే కొడుతున్న.
ఇయ్యాల దానికి గూడ బంతిపూల దండ.

బ్యానరు మీద మూడు రంగులు, సేనా మెడల్,
హవల్దార్ 'గుండబోయిన' మొగిలి.
గుండెలకెల్లి ఎత్వం జారిపోయింది,
హన్మకొండ ప్రింటరుకు ఎవరు చెప్పాలె?

"చిన్ననాటి నుండే క్రమశిక్షణకు మారుపేరు"
అంటున్నరు హెడ్‌మాస్టరు సారు,
మొన్న బదిలీ మీద వచ్చినోరు.
లెక్కల పరీక్ష పొద్దు నా సుత్తె ఎత్కపోయి
యాపచెట్టు తొర్రల దాచినోడు వీడే.
గంట మోగకుంటె పరీక్ష మొదలుగాదని వాని లెక్క.

మైకు ముంగట మొగిలి చానసేపు నిలబడ్డడు.
శాలువా జారుతుంటె ఎడమచెయ్యి పట్టలేకపోయింది,
ఆ చేతికి రెండు వేళ్లే ఉన్నయి.
"ఎనిమిది మందిమి ఎక్కినం.
ముగ్గురం దిగినం."
గంతే. కూసున్నడు.
చప్పట్లు కొట్టాల్నో వద్దో పిల్లలకు తెల్వలె.

భోజనాలప్పుడు వంటషెడ్డు ఎనకకు వచ్చిండు.
"కాకా, సుత్తె ఏది?"
ఇచ్చిన.
తొర్ర దిక్కు చూస్తడేమో అనుకున్న, చూడలె.

ఒక దెబ్బ.
మోత మొత్తం సల్లారెదాంక ఆగిండు.
ఇంకొకటి.
అట్ల ఐదు.
సుత్తె నా చేతుల పెట్టి, దండ సరిచేసి పోయిండు.

ఐదో పీరియడ్ అనుకొని పిల్లలు
పళ్లేలు పట్టుకొని నల్లా కాడ లైను కట్టిండ్రు.
ఇంకా పావుగంట ఉన్నది.
నేను చెప్పలె.