ఒంటిచెప్పు

సడవలి కిరాణం దుకాణంల
బెల్లం డబ్బాల మీద, ఉల్లిగడ్డ సంచుల పక్కన
ఉండేది ఆ టీవీ.
సిరొంచల ఇంకెన్ని ఉండెనో నాకెరుక లేదు,
మమ్ముల గడప తొక్కనిచ్చింది అదొక్కటే.

బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు,
టీవీల హిందీ.
సమ్మన్నకు అప్పుడు ఐదేండ్లు,
అమ్మ మాట తప్ప ఇంకో మాట అంటలేదు నాలికెకు.

పొద్దుగూకే యాల్ల బొమ్మల కత వచ్చేది:
ఒక పిలగాడు,
వాని పక్కన ఎవ్వలికీ కనవడని దోస్తు.
బానంత పొట్ట, కొంగ మెడ,
ఒళ్లంత పచ్చి చింతకాయ రంగు,
ఒక్క కాలికే చెప్పు.

"ఏమంటుండక్కా?"
మోచెయ్యి గుంజేటోడు తమ్ముడు.
నాకు మాత్రం ఏమెరుక?
పానీ, చలో, కిత్నే కా.
ఈ మూడు మాటలతోని అరగంట కత నడపాలె.

నడిపిన.

పెదవులెట్ల కదిలితే అట్ల మాట తొడిగిన.
ఒర్లుకుంటుంటే, అన్నం కాడ అలిగిండ్రన్న.
పడి పడి నవ్వుతుంటే, తాసిల్దారు సైకిలు మీదికెళ్లి
బురదల పడ్డడన్న.
ఆ దోస్తుకు వాళ్లేం పేరు పెట్టిండ్రో,
నేను పెట్టిన పేరు ఒంటిచెప్పు.
కరెంటు పోయిననాడు
కత ఇంకింత మంచిగ నడిచేది,
ఆ పెదవుల అడ్డం లేకుండ.

ఒకనాడు ఒంటిచెప్పు ఏడ్చిండు.
నీళ్లు బొటబొట కారుతున్నయి, టీవీ నిండ.
"ఎందుకక్కా?"
తడుముకోకుండ చెప్పిన:
రెండో చెప్పు ప్రాణహితల పడ్డదిరా,
కాళేశ్వరం కాడ గోదాట్లె కలిసిపోయింది.
అప్పటిసంది ఎతుకుతుండు.

తునికాకు పైసలొచ్చిన వారం
అమ్మ వానికి చెప్పులు కొన్నది, నీలం పట్టీలవి.
మొదటిసారి కొత్తయి, వాని కోసమే కొన్నయి.
మూడో రోజుకు ఒక్కటే మిగిలింది.
ఏడ పారేసినవ్ అని అమ్మ
చీపురు తిరగేసి కొట్టింది,
ఆకు కోసి కోసి నల్లవడ్డ చేతులతోని.
వాడు నోరు ఇప్పలేదు.

రాత్రి గొంగడిల నా చెవి కాడికి జరిగి:
"ఏట్ల ఏసిన అక్కా.
వానికి సరిపోతదా?
నా కాలు చిన్నగున్నది గద."

సరిపోతది పండుకో అన్న.
అటు మర్రి, తెల్లారేదాక గోడను చూసిన.
నాకు హిందీ రాదురా అని
అప్పుడన్న చెప్పకపోతి.

తర్వాత ఏరు మీద వంతెన పడ్డది.
నన్ను అవుతలి ఒడ్డుకు, మహదేవపూర్‌కు ఇచ్చిండ్రు.
ట్రాక్టరు నడుపుతడు సమ్మన్న.
పత్తి తప్ప, వడ్లు తప్ప
వేరే ముచ్చట తేడు ఫోన్ల.

మొన్న రాత్రి పదింటికి చేసిండు, గొంతు గరం గరం:
"అక్కా, బిడ్డకు ఫోన్ల దొరికింది ఆ బొమ్మల కత,
తెలుగుల.
అంతా తప్పు చెప్తున్నరే వీళ్లు!
తాసిల్దారు లేడు, అలుకలు లేవు.
చెప్పు ఏట్ల పోనే పోలేదట,
బొమ్మ గీసిన పిలగానికి
రెండో కాలు కాడికొచ్చేసరికి పెన్సిలు అరిగిపోయిందట, గంతే.
ఎవడు రాసిండే ఇది?"

నా గొంతుల చేపముల్లు ఇరికినట్టయ్యింది.
ఇప్పుడు తిడుతడు అనుకున్న.
ఇరువై రెండేండ్ల బాకీ.
గోడకు ఆనుకొని కూసున్న.

"నేను సౌండు బంద్ చేసిన," అన్నడు.
"నేనే చెప్తున్న దానికి.
కని గిప్పుడొక చిక్కొచ్చింది.
నీలం పట్టీల చెప్పు దొరికిందా నానా అని
పంటలేదు పిల్ల.
ఏం చెప్పాలె?"

ఫోన్ల ఎనుకనుంచి
ఆ పిల్ల మూలుగు వినవడుతుంది,
ఇంకా ఎనుక ఏదో ట్రాక్టరు.

దొరికిందని చెప్పురా,
కొంచెం బిగువైందట,
మడిమె బయటికే ఉంటుందట.
అయినా ఇడుస్తలేడట.