చెవి

గ్రీమ్స్‌పేటలో రాత్రి పదకొండు.
మూడోసారి వాయించినా
కంప్యూటర్ తెరమీద ఒకటే గీత,
ఇస్త్రీ చేసిన పంచె అంచులా.

మైకు వైరు ఊడబెరికి ఊదినాను.
డ్రైవరు తీసేసి మళ్ళీ ఎక్కించినాను.
వాల్యూము ఆ కొసదాకా తోసినాను.
గదిలో గిటారు బాగానే మోగతా ఉంది,
పక్కింటి పురుషోత్తం గోడ కూడా కొట్టినాడు.
ఆయనకు వినబడింది
దీనికి వినబడదే!

చివరికి చూస్తే
ఇన్‌పుట్ దగ్గర టిక్కు పడి ఉన్నది
బల్ల వెనక వేలాడే పాత హెడ్‌సెట్‌కి.
పోయినేడే చచ్చిన చెవి.
ఇంతసేపూ దానికి వాయించినాను.

మార్చినాను.
గీత ఉలిక్కిపడింది:
రోడ్డుమీద తోతాపురి కాయల లారీ,
గుజ్జు ఫ్యాక్టరీకి పోతా.
దాని హారను
నా మూడో తీగకన్నా రవంత దిగువ.

తుడపలేదు.
బిరడా వదులు చేసి
అక్కడినుంచే ఎత్తుకున్నాను.